ఆకుపచ్చది రంగు దిగుతది

మా మేనత్త పోయిందన్న కబురు నాకు మెసేజ్‌గా వచ్చింది. "అమ్మ పోయింది. నువ్వు రా." పంపింది ఆమె కొడుకు, మా బావ. ఆమెకు జబ్బు ముదిరిందని నాకు తెలుసు. ఏ రోజైనా ఈ కబురు వస్తుందనీ తెలుసు. అయినా చదవగానే ముందు నాకు అనుమానమే వచ్చింది. ఆస్పత్రి రోజుల నుంచి బావ నాతో మాట్లాడడం లేదు. అలాంటి మనిషి నన్ను రమ్మంటాడా? ఫోన్ ఎవడో కొట్టేసి ఉంటాడు, ఇప్పుడు చావు కబురు పంపి కాసేపటికి డబ్బులడుగుతాడు అనుకున్నాను. ఈమధ్య అలాంటివి వింటూనే ఉన్నాం కదా. బావకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అనుమానం ఇంకాస్త గట్టిపడింది.

పెద్దపల్లిలో అత్తమ్మ బట్టల దుకాణానికి ఎదురుగా ఒక పెద్దావిడ గాజులమ్ముతుంది. ఆమెకు చేశాను.

"పెద్దమ్మా, మా దుకాణం తెరిచున్నదా?"

"తెరిచే ఉన్నది బిడ్డా. గని మీ బావ చెప్పులు గూడ తొడుక్కోకుంట ఇంటి దిక్కు ఉరికిండు. షెటర్ గుంజే సోయి గూడ లేదు. ఏమైంది?"

అప్పుడు నమ్మాను. ఏమైందో ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది. కరీంనగర్ బస్టాండులో పెద్దపల్లి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. ఒక చోట విని ఇంకో చోట అడిగి నమ్మినందుకు అత్తమ్మ నన్ను ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడమే ఆమె మెచ్చుకోవడం.

దినాల నాడు చాలామంది ఆమెను పొగిడారు. ఆమెది వెన్నలాంటి మనసట. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. నేను ఒక మూల కూర్చుని ఆ చెప్పేవాళ్ల మొహాలు చూశాను. వాళ్లలో సగం మందిని ఆమె దుకాణం మెట్ల మీదే కడిగి పారేసింది. పొగిడే మనిషిని చూస్తే నాకు పర్సు తడుముకోవాలనిపిస్తుంది. ఈ గుణం ఆమె పెట్టిందే. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు ఆమె తప్పులు కూడా రాయాలని ముందే అనుకున్నాను. లేకపోతే మీరు నమ్మరు. నమ్మకూడదు కూడా.

మాది సాంచాల ఇల్లు. మా బాపు, అత్తమ్మ పుట్టి పెరిగింది మరమగ్గాల చప్పుడులోనే. అందుకే ఆమె బట్టను కళ్లకన్నా ముందు చేత్తో చూసేది. ఏ వ్యాపారి కొత్త రకం తెచ్చినా బొటనవేలు తడి చేసి బట్ట మీద రుద్దేది. వేలికి రంగంటుకుంటే అతని మొహం ముందు ఆ వేలు పెట్టి ఊరుకునేది. మామ పోయాక దుకాణం గల్లా దగ్గర ఆమే కూర్చుంది. తువ్వాళ్లు, లుంగీలు, దుప్పట్లు, బడిపిల్లల యూనిఫాం గుడ్డ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, మంథని దిక్కు నుంచి బస్సు దిగి వచ్చే ఆడవాళ్లే ఎక్కువ.

ఆమెకు అందరి మీదా అనుమానమే. పాలవాడి మీద, కండక్టరు మీద, చుట్టరికం కలుపుకుంటూ వచ్చినవాళ్ల మీద. కోడలు చాయ్‌లో చక్కెర ఎక్కువేస్తే "ఏం పని పడ్డది?" అని అడిగేది. ఆ కోడలు ఎన్నిసార్లు కళ్లనీళ్లు పెట్టుకుందో నాకు తెలుసు. ఇది ఆమె మొదటి తప్పు, రాశాను.

నేను బతికేది మెసేజ్‌లు రాసి. కరీంనగర్‌లో చిన్న గది అద్దెకు తీసుకుని, దుకాణాల తరఫున వాళ్ల కస్టమర్లకు పొట్టి మెసేజ్‌లు రాసి పంపిస్తాను. తెలుగులో రాస్తే ఒక్క మెసేజ్‌లో డెబ్బై గుర్తులే పడతాయి. గుడి, కొమ్ము, సున్నా, చివరికి చుక్క కూడా లెక్కలోకే వస్తాయి. దాటితే రెండో మెసేజ్ కింద ఖర్చు. ఈ పని మొదలుపెట్టినప్పుడు నన్ను నమ్మి పని ఇచ్చే దుకాణం ఒక్కటీ దొరకలేదు. చివరికి అత్తమ్మ దగ్గరికే పోయాను. రాసుకొచ్చింది చదివి వినిపించాను. "ప్రియమైన కస్టమర్! బంపర్ ఆఫర్! నమ్మశక్యం కాని ధరలు! త్వరపడండి!"

ఆమె ఫోన్‌ను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని మళ్లీ చదివింది.

"ప్రియమైన అంటివి. ఎవలకే ప్రియం? కొనేదాకనా, కొన్నంక గూడనా?"

"అందరు అట్లనే రాస్తరు అత్తమ్మా."

"నమ్మరాదని నువ్వే చెప్తివి. మల్ల నన్నెందుకు నమ్మమంటున్నవ్? త్వరపడుమంటివి. ఎవడన్న తొందర పెడ్తున్నడంటే అండ్ల ఏదో ఉన్నట్టే. నేనైతే గీ దుకాణం మెట్లెక్క."

కోపమొచ్చింది నాకు. "అయితే నువ్వే చెప్పు, ఏం రాయాలె?" అన్నాను. ఆమె ఆ రోజు వచ్చిన తువ్వాళ్ల కట్ట విప్పి, బొటనవేలు తడి చేసి ఒక్కో రంగు మీదా రుద్దింది. ఆకుపచ్చది అంటుకుంది. "గిది రాయి" అంది.

"రంగు దిగుతదని రాస్తె ఎవలు కొంటరు?"

"ఆకుపచ్చది కొనరు. తక్కినయి కొంటరు. అండ్ల అబద్ధం లేదని ఎరుకైతది గద."

ఆ మెసేజ్ నాకింకా కంఠతా వచ్చు. "కొత్త తువ్వాళ్లు వచ్చినయి. ఆకుపచ్చది రంగు దిగుతది. తక్కినయి దిగవు." డెబ్బై లోపే సరిపోయింది. పుస్తక భాషలోకి మారుద్దామంటే ఒప్పుకోలేదు, ఆ భాషలో మాట్లాడేవాళ్లు తన దుకాణానికి ఎన్నడూ రాలేదంది. పంపేశాను. ఇక ఈ మేనత్త పనీ పోయిందనుకున్నాను. ఆ వారం ఆడవాళ్లు వచ్చి ముందు ఆకుపచ్చ తువ్వాలే చూపించమన్నారు. వేలు తడి చేసుకుని రుద్ది చూసి, నవ్వుకుని, ఎర్రవీ నీలివీ తీసుకుపోయారు. కొందరు ఆకుపచ్చవీ కొన్నారు, ఇల్లు తుడవడానికి పనికొస్తాయని.

అప్పటి నుంచి ప్రతి మెసేజ్‌లో ఒక లోపం ఉండాల్సిందే. దుప్పటి వెచ్చగ ఉంటది, అంచు కుట్టు వదులు. లుంగీ పొడవున్నది, గళ్లు పాతకాలం. లోపమే లేని సరుకు వస్తే ఆమెకు పరేషాన్ అయ్యేది. నాకు ఫోన్ చేసి, "అంతా మంచిగనే ఉన్నదే. జర ఆగు, ఏదో ఉంటది" అని, రెండు రోజులు ఆపి, చివరికి "మెట్ల కాడ కుక్క ఈనింది, చూసి రాండ్రి" అని రాయించింది. సరుకు గురించి కాకపోతే దారి గురించైనా సరే.

ఇంకో పద్ధతి ఉండేది. పంపే ముందు ప్రతి మెసేజ్‌నూ ఎదురుగా గాజులమ్మే పెద్దమ్మకు చదివి వినిపించి, ఆమె మొహంలోకి చూసేది. పెద్దమ్మ "మంచిగున్నది" అంటే ఆ మెసేజ్ పనికిరానట్టే. "మంచిగున్నదని ఊకున్నరంటే కొనరన్నట్టు" అని అత్తమ్మ లెక్క. "గవి పిల్లలకు సరిపోతయా?" అనో, "పొద్దుగాల ఎన్నింటికి తెరుస్తరు?" అనో పెద్దమ్మ నోట ఒక్క ప్రశ్న వస్తే చాలు, నా వైపు తిరిగి పంపించమని చెయ్యి ఊపేది. నేను ఇప్పటికీ నగల దుకాణాల వాళ్లకు రాసినా, కళ్లద్దాల వాళ్లకు రాసినా మా ఇంటి కింద ఇస్త్రీ చేసే ఆమెకు చదివి వినిపిస్తాను. ఆమె బాగుందంటే చెరిపేస్తాను.

ఎదురు వరుసలో అద్దాల తలుపుల బట్టల షోరూం ఒకటి తెరిచినప్పుడు బావకు భయం పట్టుకుంది. అమ్మకు చెప్పకుండా తన ఫోన్ నుంచే అందరికీ పంపాడు: ఈ రోజే ఆఖరు, రేపు సరుకు దొరకదు. జనం విరగబడ్డారు. అత్తమ్మకు సంగతి తెలియక, ఎందుకొచ్చారో ఒక్కొక్కరినీ అడిగింది. తెల్లారి ఆ సరుకే అరల్లో ఉంది. సాయంత్రానికి నన్ను దుకాణానికి పిలిపించింది. "రాయి. నిన్నటి మాట నిజం గాదు. సరుకు ఇంక ఉన్నది. నిదానంగ రాండ్రి." బావ నా చేతిలోంచి ఫోన్ గుంజుకున్నంత పని చేశాడు. "ఇజ్జత్ పోతదమ్మా" అన్నాడు. "పోయిందాన్నే తెస్తున్న" అంది ఆమె. బావ వారం రోజులు గల్లా దగ్గరికి రాలేదు. అందరి ముందూ కొడుకును అంత పని చేయాల్సింది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ షోరూం వచ్చాక ఆమె అనుమానం నా మీదికీ తిరిగింది. కస్టమర్ల నంబర్లన్నీ నా దగ్గర ఉన్నాయి. నేను అవి షోరూం వాళ్లకు అమ్ముకుంటానేమోనని ఆమె మనసులో పురుగు దొలిచింది. ఎవరికీ చెప్పకుండా కొత్త సిమ్ము కొని, పాత ఫోన్‌లో వేసి, ఆ నంబరును ఏదో ఊరి కస్టమరుదని చెప్పి నాకిచ్చింది. ఆ నంబరు నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇక దానికి నా మెసేజ్‌లు తప్ప ఇంకేవైనా వస్తాయా అని కాచుకుని కూర్చుంది.

వచ్చింది. మంథని రోడ్డులో ప్లాట్లు అమ్ముతున్నామని.

నన్ను పిలిపించింది. దుకాణంలో అందరూ ఉండగానే ఆ ఫోన్ నా ముందు పెట్టింది. "గీ నంబరు నీకొక్కదానికే ఇచ్చిన. దేవునికి గూడ ఇయ్యలే. ఎంతకు అమ్మినవ్?"

"అత్తమ్మా, నేనెవ్వలకు ఇయ్యలే. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు. నాకు జవాబు కావాలె."

తెలియనిదానికి జవాబు ఎక్కడి నుంచి తేను? "ఇగ నా దుకాణం సంగతి నువ్వు చూడకు" అంది. మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేశాను. సొంత మేనత్త దొంగనన్నదని ఎవరికి చెప్పుకోను? బాపుకు చెబితే అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పోతాయి. ఎవరికీ చెప్పలేదు. ఆ కాలంలో ఆమెను ఎంత తిట్టుకున్నానో. అది కూడా ఈ స్మృతిలో భాగమే.

ఆ సంగతి ఎలా తేలిందో తర్వాత కోడలు చెప్పింది. ఒక రోజు ఆ పాత ఫోన్ మోగిందట. అవతల ఎవరో ప్లాట్ల ఏజెంటు, "బెల్లంపల్లి అన్న లేడా అమ్మా? మంథని రోడ్డు ప్లాటు చూస్త అన్నడు, మల్ల రానే రాలే" అన్నాడట. ఆ నంబరు అంతకుముందు ఎవరో బెల్లంపల్లి మనిషిది. అతను వదిలేస్తే కంపెనీ వాళ్లు కొత్త సిమ్ములో వేసి మా అత్తమ్మకు అమ్మారు. అతనికి రావలసిన మెసేజే ఆమెకు వచ్చింది.

ఆ సాయంత్రం నాకు ఆమె నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. తనే కూడబలుక్కుని టైపు చేసింది. "అనుమానపడ్డ. తప్పు నాదే. అన్నం వండిన. రా."

వెళ్లకూడదనుకున్నాను. ఏమిటి ఈమె కొత్త ఎత్తు అని కూడా అనుకున్నాను, నిజం చెప్తున్నాను. కానీ మెసేజ్‌లు రాసే పనిలో ఇన్నేళ్లున్నాను, అంతకన్నా పొట్టిగా అంత పెద్ద సంగతి చెప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. కాళ్లు వాటంతటవే బస్టాండుకు పోయాయి. ఆమె పళ్లెం పెట్టి, పప్పు వడ్డించి, "ఉప్పెక్కువైంది, చూసి తిను" అంది. ఆ గొడవ గురించి మళ్లీ ఇద్దరం మాట్లాడలేదు. ఉప్పు నిజంగానే ఎక్కువైంది.

ఈ ఎండాకాలం మొదట్లో ఆమెకు కడుపునొప్పి మొదలైంది. బావ కరీంనగర్ తీసుకొచ్చి పెద్ద ఆస్పత్రిలో చేర్పించాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు బావను లోపలికి పిలిచి చెప్పాడు. బయటికొచ్చిన బావ గోడకానుకుని నిలబడ్డాడు. "కడుపుల గడ్డ. కాలేయానికి పాకిందట. అమ్మకు గ్యాస్ అని చెప్దాం. నీ కాల్మొక్త, నువ్వేం చెప్పకు. ఎరుకైతే ఆ భయంతోనే పోతది" అన్నాడు. సరేనన్నాను. ఆ క్షణంలో నాకూ అదే సరైందనిపించింది.

చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ బావ అదే నేర్పాడు. అందరూ అదే అన్నారు. అత్తమ్మ వింటూ ఉండేది. నిద్ర మాత్రం పోయేది కాదు. ఒక మధ్యాహ్నం బావ మందుల దుకాణానికి వెళ్లినప్పుడు నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"వచ్చినోళ్లందరు ఒక్కటే మాట అంటున్నరే. గ్యాసే, మంచిగైతది, ఏం ఫికర్ లేదు. అక్షరం గూడ మారుతలే. ఎవలో రాసి అందరికి పంపినట్టున్నది." నా కళ్లలోకి చూసింది. "నువ్వేనా రాసింది?"

చెబితే బావ నన్ను జన్మలో క్షమించడు. చెప్పకపోతే, బతికినన్నాళ్లు అందరినీ అనుమానించిన ఆ మనిషి చివరి రోజుల్లో కూడా అలాగే, ఎవరి మాటా నమ్మకుండా ఒక్కతే పడుకుని ఉంటుంది. పైగా ఈసారి ఆమె అనుమానమే నిజం. ఈ లోకంలో ఆమె జవాబు అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు, నేనే ఉన్నాను.

"నేను రాయలే అత్తమ్మా" అన్నాను. "గడ్డ ఉన్నది. కాలేయానికి పాకింది. మందు నొప్పికే, జబ్బుకు గాదు."

ఆమె దుప్పటి అంచును బొటనవేలితో రుద్దింది. తర్వాత అడిగింది, "ఎప్పటిదాక?"

"వానలు పడేదాక అంటున్నరు. వాళ్లకు గూడ సరిగ్గ ఎరుకలే."

"మంచిది" అని పక్కకు తిరిగి పడుకుంది. కాసేపటికి గురక వినిపించింది. మందులు పట్టుకుని తిరిగొచ్చిన బావ, నిద్రపోతున్న తల్లిని చూశాడు, నన్ను చూశాడు. ఏం జరిగిందో నా మొహంలోనే తెలిసిపోయినట్టుంది. ఆ రోజు నుంచే బావ నాతో మాట్లాడడం మానేశాడు. నాకు బాధగానే ఉండేది. అయినా ఆ మధ్యాహ్నం మళ్లీ వస్తే మళ్లీ అదే చెబుతాను.

నిద్ర లేచాక ఆమె ఇంటికి పోతానంది. ఇంటికి చేరాక దుకాణానికి తీసుకుపొమ్మంది. బావ వద్దన్నాడు, ఏడ్చాడు, చివరికి ఆటో పిలిచాడు. వాళ్లతో నేనూ వెళ్లాను. గల్లా దగ్గర పరుపు వేసి, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. సగం మనిషైంది, కళ్లు మాత్రం అవే. మంథని దిక్కు నుంచి ఎప్పుడూ వచ్చే ఒకామె యూనిఫాం గుడ్డ చూసి, ధర విని, పక్కన పెట్టింది.

"జూన్ల బడి తెరిచినంక వచ్చి తీసుకపోత అవ్వా."

"జూన్ల నేనుండ బిడ్డా. కావాల్నంటే ఇప్పుడే తీస్కపో."

ఆమె పకపకా నవ్వింది. "నువ్వు గూడ షోరూమోళ్ల లెక్క తొందర పెడ్తున్నవా? గిది గూడ ఆఫరేనా?"

అత్తమ్మకూ నవ్వొచ్చింది. "కాదే. నాకు కడుపుల గడ్డ. ఇగ కొన్ని దినాలే అన్నరు."

నవ్విన మనిషి నవ్వినట్టే ఆగిపోయింది. గుడ్డ కింద పెట్టి, అక్కడే నేల మీద చతికిలబడి, అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యిని ఎవరైనా అలా పట్టుకోవడం నేను అదే మొదటిసారి చూడడం. బేరం కోసం పట్టుకుంటే విదిలించేసేది. ఆ రోజు విదిలించలేదు.

నేను ఎవరికీ ఏ మెసేజూ పంపలేదు. అయినా మర్నాటికి ఊరూరా తెలిసిపోయింది. బస్సులు దిగి ఆడవాళ్లు వచ్చారు. చంకలో పిల్లలతో వచ్చారు, సాంచాల పనికి సెలవు పెట్టి వచ్చారు. మెట్ల కింద చెప్పులు గుట్టపడ్డాయి. మెట్లెక్కిన ప్రతి మనిషినీ అత్తమ్మ తన పాత చూపే చూసి, తన పాత మాటే అడిగింది.

"ఏం గావాలె?"

"ఏం వద్దు అవ్వా. ఊకనే వచ్చిన."

ఊకనే ఎవరూ ఎక్కడికీ రారన్నది ఆమె జీవితమంతా నమ్మిన సంగతి. నేను ఆమె మొహమే చూస్తున్నాను. వచ్చినామెను ఆమె కింది నుంచి పై దాకా చూసింది. చేతుల్లో సంచి లేదు. కళ్లలో నీళ్లున్నాయి. ఇంకొకామె వచ్చింది, ఆమెదీ అదే మాట. ఆ వెనక గాజుల పెద్దమ్మ తన గంప ఎదురుగా వదిలేసి వచ్చింది. ఆ రోజు దుకాణంలో ఒక్క బట్ట కూడా అమ్ముడుపోలేదు. కోడలు చాయ్ పెట్టి తెస్తూనే ఉంది. బావ బిందెలో నీళ్లు ముంచి అందరికీ ఇస్తూ, నా దగ్గరికొచ్చినప్పుడు ఒక గ్లాసు నా ముందు కూడా పెట్టి వెళ్లాడు.

ఎండ మెట్ల మీదికి వచ్చేసరికి కూర్చోవడానికి చాప మీద జాగా లేకుండా పోయింది. కొత్తగా వచ్చిన ఒక ముసలామె గడపలో నిలబడి లోపలికి చూస్తోంది. అత్తమ్మ ఆమెను ఏం కావాలని అడగలేదు. పక్కనున్న దుప్పట్ల కట్టను మోచేత్తో మెల్లగా అవతలికి నెట్టి, ఖాళీ అయిన పరుపు మీద అరచేత్తో తట్టింది.